పేరు రాజుది, పెత్తనం ఓటుది

మన గోదావరి జిల్లాల్లో కొన్ని ఇళ్లల్లో ముసలమ్మల పెట్టెల అడుగున పాత వెండి రూపాయలు ఉంటాయి. ఒక్కో రూపాయి మీద ఒక తలకాయ బొమ్మ ఉంటుంది. కొన్నిటి మీద విక్టోరియా రాణి. కొన్నిటి మీద ఆమె మునిమనవడు ఆరో జార్జి రాజు. విక్టోరియా రాణి మన దేశం గడప తొక్కనే లేదు. ఆరో జార్జి కూడా రాజయ్యాక ఇటు రాలేదు. వాళ్లు ఉండేది సముద్రాల అవతల, లండన్లో. అయినా రూపాయి మీద బొమ్మ వాళ్లదే. సర్కారు వాళ్ల పేరునే నడిచేది.

మరి మనల్ని నిజంగా ఏలింది ఆ రాజేనా?

ఒక్కో మెట్టూ ఎక్కి చూద్దాం. ఊళ్లో కరణం, మునసబు. వాళ్ల పైన తాసిల్దారు. ఆయన పైన కలెక్టరు. కలెక్టరు పైన మద్రాసులో గవర్నరు. గవర్నరు పైన వైస్రాయి. వైస్రాయి పైన లండన్లో ఒక మంత్రి ఉండేవాడు. ఇండియా సంగతులు చూడ్డమే ఆయన పని. ఆ మంత్రి ఏం చేసినా అక్కడి పార్లమెంటుకు జవాబు చెప్పాలి. పార్లమెంటులో పెద్ద సభను ఎన్నుకునేది అక్కడి ఓటర్లు.

రాజు వీళ్లందరికన్నా పైన కూర్చుని ఉన్నాడు. కానీ మంత్రులు ఏ సలహా ఇస్తే దాని ప్రకారం సంతకం పెట్టడమే ఆయన పని. సొంతంగా హుకుం జారీ చెయ్యడానికి లేదు.

అంటే ఓటు వేసేది అక్కడివాళ్లు. పన్ను కట్టేది ఇక్కడివాళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యింది. అప్పుడు కుంపిణీ దొరల పాలన. 1858 నుంచి రాణి పాలన. నీళ్లు మన గోదావరివి. ఆ నీళ్లకు తీరువా ఎంతో ఖాయం చేసే సర్కారును ఎన్నుకోవడానికి మన రైతుకు ఓటు లేదు. ఆ చేలో ఊడ్పు ఊడ్చిన ఆడమనిషి సంగతి ఇంక చెప్పేదేముంది!

రాజు ఉంటాడు. కానీ రాజ్యాంగానికి లోబడి ఉంటాడు. పాలించేది మాత్రం ఓట్లతో గెలిచినవాళ్లు. ఇలాంటి పద్ధతి ఇంగ్లాండులో పుట్టింది. ఇప్పుడు మన దేశంలో రాజు లేడు. కానీ మన ప్రభుత్వం నడిచే తీరులో చాలా భాగం అక్కడి నుంచి తీసుకున్నదే. అందుకే ఆ పద్ధతి తెలుసుకోవాలి.

రాజు చేతులు ఎవరు కట్టేశారు?

ఇంగ్లాండు రాజులు మొదట్లో ఇంత మెత్తనివాళ్లు కాదు. మేం చెప్పిందే చట్టం అనేవాళ్లు. పేచీ వచ్చింది డబ్బు దగ్గర. రాజుకు యుద్ధం చెయ్యాలని ఉంటుంది. యుద్ధానికి డబ్బు కావాలి. డబ్బు కోసం పన్ను వెయ్యాలి. పన్ను కట్టే పెద్దలు ఎదురు తిరిగారు. మమ్మల్ని అడక్కుండా పన్ను వెయ్యడానికి వీల్లేదన్నారు. 1215లో జాన్ అనే రాజును నిలదీసి ఒక ఒప్పందం మీద ముద్ర వేయించారు. దాని పేరు మాగ్నా కార్టా.

అక్కడితో తగువు తీరలేదు. నాలుగు వందల ఏళ్లు సాగింది. చార్లెస్ అనే రాజు ఏకంగా పార్లమెంటు మీద యుద్ధానికి దిగాడు. ఓడిపోయాడు. 1649లో ఆయన తల నరికేశారు. కొన్నేళ్లు రాజు లేకుండా గడిపారు. తర్వాత మళ్లీ రాజునే తెచ్చుకున్నారు. 1689లో ఒక గట్టి చట్టం రాసుకున్నారు. పార్లమెంటు ఒప్పుకోకుండా రాజు పన్ను వెయ్యకూడదు. చేసిన చట్టాన్ని పక్కన పెట్టకూడదు. పార్లమెంటును అడక్కుండా శాంతి కాలంలో సైన్యాన్ని పోషించకూడదు. డబ్బు సంచి పార్లమెంటు చేతికి వచ్చింది. డబ్బు సంచి ఎవరి దగ్గర ఉంటే ఇంట్లో మాట ఎవరిదో మీకు తెలియనిది కాదు.

1714లో జర్మనీ వైపు నుంచి ఒక రాజు వచ్చాడు. ఆయనకు ఇంగ్లీషు సరిగా రాదు. మంత్రులు వాళ్లలో వాళ్లే కూర్చుని పనులు తేల్చుకోవడం ఎక్కువైంది. 1721 నుంచి వాల్‌పోల్ అనే మంత్రి అందరికీ పెద్దగా నడిపాడు. ఆయన్నే మొదటి ప్రధానమంత్రి అంటారు.

ఇప్పుడు అక్కడ ఎలా నడుస్తోంది?

పార్లమెంటులో రెండు సభలు. ఓట్లతో గెలిచేవాళ్ల సభలో 650 మంది ఉంటారు. సగం కన్నా ఎక్కువ మంది ఏ పార్టీకి ఉంటే ఆ పార్టీ నాయకుణ్ని రాజు పిలుస్తాడు. ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమంటాడు. రాజుకు ఆ నాయకుడు నచ్చాలని లేదు. సభలో బలం ఉంటే చాలు.

రెండో సభ ప్రభువుల సభ. వీళ్లకు ఎన్నిక లేదు. అందుకే వీళ్ల బలమూ తక్కువే. చట్టాన్ని కొంతకాలం ఆపగలరు. మొత్తానికి ఆపలేరు.

ఒక చట్టం ఎలా తయారవుతుందో చూడండి. ముందు ముసాయిదా రాస్తారు. దాన్ని బిల్లు అంటారు. సభలో చర్చిస్తారు. ఒక్కో మాటా పట్టి చూస్తారు. ఓట్లు వేస్తారు. రెండు సభలూ దాటాక రాజు ఆమోదానికి వెళ్తుంది. అప్పుడే అది చట్టం అవుతుంది. రాజు కాదంటే? 1708లో ఆన్ రాణి ఒక బిల్లును కాదంది. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు దాటాయి. ఇంతవరకూ ఏ రాజూ, ఏ రాణీ కాదనలేదు. కాగితం మీద హక్కు ఉంది. వాడితే ఊరుకోరని వాళ్లకు తెలుసు.

కొత్త పార్లమెంటు సమావేశం మొదలయ్యేటప్పుడు రాజు కిరీటం పెట్టుకుని వస్తాడు. సింహాసనం మీద కూర్చుని ప్రసంగం చదువుతాడు. "నా ప్రభుత్వం ఈ పని చేస్తుంది, ఆ పని చేస్తుంది" అంటాడు. ఆ ప్రసంగం ఆయన రాసుకున్నది కాదు. మంత్రులు రాసి ఇచ్చింది. వాళ్లు రాసింది ఆయనకు ఇష్టం లేకపోయినా చదవాల్సిందే.

ప్రధానమంత్రి మాత్రం సభ నమ్మకం ఉన్నన్నాళ్లే కుర్చీలో ఉంటాడు. 1979లో అక్కడ ఒక ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. అటు 311, ఇటు 310. ఎలిజబెత్ రాణి 1952 నుంచి 2022 దాకా 70 ఏళ్లు గద్దె మీద ఉంది. ఆ 70 ఏళ్లలో 15 మంది ప్రధానమంత్రులు మారారు. ఆమె పోయాక కొడుకు మూడో చార్లెస్ రాజయ్యాడు. అందుకు ఎన్నిక జరగలేదు.

మరి ఏ అధికారమూ లేనప్పుడు రాజు దేనికి? అక్కడివాళ్లూ ఈ మాట అడుగుతూనే ఉన్నారు. దండగ ఖర్చు అనేవాళ్లు ఉన్నారు. పార్టీలకు అతీతంగా ఒక పెద్ద ఉండాలి అనేవాళ్లు ఉన్నారు. మన ఇళ్లల్లో పెళ్లి శుభలేఖ చూడండి. పైన తాతగారి పేరు వేస్తారు. పప్పూ ఉప్పూ తెచ్చేది, వంటవాళ్లతో మాట్లాడేది కొడుకులూ కోడళ్లూ. తాతగారి పేరు లేకపోతే శుభలేఖకు నిండుదనం రాదు. రాజు సంగతీ అలాంటిదే. ఒక్క తేడా ఉంది. ఇంట్లో కొడుకును ఎవరూ ఎన్నుకోరు. అక్కడ పని చేసేవాళ్లను జనం ఎన్నుకుంటారు. పని చెయ్యకపోతే దించేస్తారు.

ఆ జనంలో ఆడవాళ్లు చాలాకాలం లేరు. విక్టోరియా రాణి 63 ఏళ్లు గద్దె మీద ఉంది. రాజ్యం ఒక ఆడమనిషి పేరున నడిచింది. కానీ ఆ 63 ఏళ్లలో ఇంగ్లాండులో ఒక్క ఆడమనిషికీ పార్లమెంటు ఓటు హక్కు రాలేదు. ఆడవాళ్లు పోరాడారు. జైళ్లకు వెళ్లారు. 1918లో 30 ఏళ్లు దాటిన వాళ్లలో కొందరికి ఓటు ఇచ్చారు. మగవాళ్లతో సమానంగా ఓటు వచ్చింది 1928లో.

మన దగ్గర రాజు ఎలా పోయాడు?

1947 ఆగస్టు 15న మనకు స్వతంత్రం వచ్చింది. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ రోజు రాజు పోలేదు. ఇంకా రెండున్నర ఏళ్లు చట్టం ప్రకారం మనకు రాజు ఆరో జార్జే. ఆయన తరఫున ఢిల్లీలో గవర్నర్ జనరల్ ఉండేవాడు. మొదట మౌంట్‌బాటెన్ దొర. 1948 జూన్ నుంచి మన రాజాజీ. పాలన మాత్రం నెహ్రూ మంత్రివర్గానిది.

ఆ రెండున్నర ఏళ్లలో పెద్దలు కూర్చుని మన రాజ్యాంగం రాశారు. ఆ సభలో వందల మంది మగవాళ్లు. కొద్దిమందే ఆడవాళ్లు. వాళ్లలో ఒకరు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి. 1909లో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి వద్దంది. కాకినాడలో ఆడవాళ్లకు హిందీ పాఠాలు చెప్పింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లింది. తర్వాత కష్టపడి చదివి లాయరైంది. ఈ దేశం ఎలా నడవాలో రాసిన సభలో ఆమె కూర్చుంది. మాట్లాడింది. ఎన్నో సవరణలు పెట్టింది.

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ రోజుతో రాజు పోయాడు. ఆ చోటులో రాష్ట్రపతి వచ్చాడు. రాష్ట్రపతి పదవి తండ్రి నుంచి కొడుక్కి రాదు. ఎంపీలు, ఎమ్మెల్యేలు కలిసి 5 ఏళ్లకు ఎన్నుకుంటారు. అదే ఏడు కొత్త నాణేలు వచ్చాయి. రాజు తలకాయ పోయింది. సింహాల బొమ్మ వచ్చింది.

మిగతా పద్ధతి ఇంచుమించు అదే. ఢిల్లీలో రాష్ట్రపతి. రాష్ట్రంలో గవర్నరు. పాలన వీళ్ల పేరున జరుగుతుంది. చేసేది ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి, మంత్రులు. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది ఎమ్మెల్యేలు. 88 మంది ఎవరి వైపు ఉంటే వాళ్లను గవర్నరు పిలుస్తారు. ఏటా మొదటి సమావేశంలో గవర్నరు ప్రసంగం వినే ఉంటారు. "నా ప్రభుత్వం" అంటూ చదువుతారు. అదీ మంత్రివర్గం రాసి ఇచ్చిందే. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోవడమూ మనం చూశాం. 1999 ఏప్రిల్లో వాజపేయి గారికి 269 ఓట్లు వచ్చాయి. ఎదురు 270 వచ్చాయి. ప్రభుత్వం దిగిపోయింది.

గవర్నరు పెత్తనం చేస్తే?

అదీ మన రాష్ట్రంలోనే జరిగింది. 1983లో ఎన్.టి. రామారావు గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. 1984లో గుండె ఆపరేషను కోసం అమెరికా వెళ్లి వచ్చారు. ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఆయన్ను పదవి నుంచి తీసేశారు. నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. సభలో నా బలం చూపిస్తానని రామారావు అన్నారు. గవర్నరు వినలేదు.

గవర్నరును జనం ఎన్నుకోలేదు. ముఖ్యమంత్రి బలాన్ని లెక్కపెట్టాల్సింది సభలో, రాజభవన్లో కాదు. జనం రోడ్ల మీదికి వచ్చారు. ఎమ్మెల్యేలు ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి జైల్ సింగ్ ముందు నిలబడ్డారు. మమ్మల్ని లెక్కపెట్టుకోండి అన్నారు. రాంలాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీ ఏదైనా కానివ్వండి. జనం ఇచ్చిన అధికారాన్ని జనం ఎన్నుకోని మనిషి తీసేస్తే, జనం తిరిగి ఇప్పించారు. పదేళ్లకు, 1994లో, సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో ఇదే చెప్పింది. బలం తేల్చాల్సింది సభలోనే అంది.

కువైట్‌లో సంగతి వేరు

రాజు, ఎన్నికైన సభ, రెండూ ఉన్న దేశాలు ఇంకా ఉన్నాయి. మలేషియాలో సంస్థానాలను ఏలే రాజవంశాల పాలకులు 9 మంది ఉన్నారు. 5 ఏళ్లకు ఒకరు చొప్పున వంతుల వారీగా రాజవుతారు. తోటల్లో పనికి పోయిన మన తెలుగువాళ్ల పిల్లలు, మనవలు అక్కడ పౌరులు. వాళ్లకు ఓటు ఉంది. 2022లో అక్కడ ఎన్నికల్లో ఏ పార్టీకీ బలం రాలేదు. అప్పుడు రాజు అందర్నీ పిలిచి మాట్లాడి, ఎవరికి ఎక్కువ మద్దతు ఉందో చూసి, అన్వర్ ఇబ్రహీంను ప్రధానమంత్రిగా పెట్టాడు. లెక్క తేలనప్పుడే రాజుకు పని పడింది.

కువైట్ పేరు కోనసీమలో, పాలకొల్లు, నరసాపురం వైపు తెలియని ఇల్లు ఉండదు. ఎంతోమంది ఆడవాళ్లు ఇంటిపనికి అక్కడికి వెళ్లారు. అక్కడ రాజును అమీరు అంటారు. 1962లో రాజ్యాంగం రాసుకున్నారు. జనం ఎన్నుకునే 50 మందితో సభ పెట్టుకున్నారు. కానీ ప్రధానమంత్రిని సభ ఎన్నుకోదు. అమీరే పెడతాడు. ఆడవాళ్లకు ఓటు 2005లో వచ్చింది. 2009లో నలుగురు ఆడవాళ్లు మొదటిసారి సభకు గెలిచారు.

ఆ సభ 2015లో ఇంటిపనివాళ్ల కోసం ఒక చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. చట్టం ఉన్నా అమలు అన్ని ఇళ్లల్లోనూ ఒకేలా ఉండదు. అయినా ఆ చట్టం ఒకటి ఉందని వెళ్లేవాళ్లు తెలుసుకుని వెళ్లాలి.

2024 మేలో అమీరు ఆ సభను రద్దు చేశాడు. రాజ్యాంగంలో కొన్ని భాగాలను నాలుగేళ్ల వరకూ ఆపుతున్నానన్నాడు. సభ చేసే పని తన చేతిలోకి తీసుకున్నాడు. ఇంగ్లాండు రాజు ఇలా చెయ్యలేడు. రాజు ఉన్నాడు, సభ ఉంది అని వింటే సరిపోదు. ప్రధానమంత్రిని దించగలిగేది ఎవరు? సభను పంపించెయ్యగలిగేది ఎవరు? ఈ రెండూ అడగాలి. అక్కడ పని చేసే మన ఆడవాళ్లకు అమీరు మీదా, సభ మీదా కూడా మాట లేదు. వాళ్లకు అక్కడ ఓటు లేదు. తీరువా కట్టిన ఆనాటి గోదావరి రైతు పరిస్థితే వాళ్లదీ.

మన పంచాయతీలో ఎవరిది పేరు?

1993లో రాజ్యాంగాన్ని సవరించారు. పంచాయతీల్లో మూడో వంతు పదవులు ఆడవాళ్లకు ఇచ్చారు. తర్వాత మన రాష్ట్రంలో సగం చేశారు. ఇప్పుడు సగం ఊళ్లకు ఆడవాళ్లే సర్పంచులు.

కానీ కొన్ని ఊళ్లల్లో ఏం జరుగుతోంది? సర్పంచి భార్య. కుర్చీలో కూర్చునేది భర్త. జనం కూడా ఆయన్నే "సర్పంచిగారూ" అని పిలుస్తారు. కాగితాలు ఇంటికి వస్తాయి. ఆవిడ వంటింట్లోంచి వచ్చి, చెయ్యి తుడుచుకుని, చూపించిన చోట సంతకం పెడుతుంది. "రాజు కూడా సంతకమే పెడతాడుగా, పని వేరేవాళ్లు చేస్తారుగా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఈ రెండూ ఒకటి కావు. రాజును జనం ఎన్నుకోలేదు. ఎన్నుకున్నది మంత్రుల్ని. అందుకే రాజు తగ్గి ఉండాలి. ఇక్కడ జనం ఎన్నుకున్నది ఆవిడని. ఓటు పడింది ఆవిడ పేరుకు. భర్తకు ఒక్క ఓటూ పడలేదు. లెక్క ప్రకారం ఈ ఇంట్లో రాజు చోటులో ఉన్నది ఆయన. తగ్గి ఉండాల్సింది ఆయనే.

భర్త సాయం చెయ్యడం తప్పు కాదు. మోటారు సైకిలు మీద మండలాఫీసుకు దింపితే మంచిదే. లోపలికి వెళ్లి మాట్లాడాల్సింది ఆవిడ. తీర్మానం పుస్తకం చదివి, ఖాళీలు ఏమీ లేవని చూసి, అప్పుడు సంతకం పెట్టాలి. ఖాళీ కాగితం మీద అసలు పెట్టకూడదు. అప్పు రేపు ఎవరు తిన్నా, అడిగేది సంతకం పెట్టినవాళ్లనే.

ఓటరు జాబితాలో పేరు

దొరల కాలంలో మన దగ్గరా కొందరికి ఓటు ఉండేది. ఆస్తి ఉన్నవాళ్లకు, పన్ను కట్టేవాళ్లకు, చదువుకున్నవాళ్లకు. కూలీ ఆడమనిషికి లేదు. రాజ్యాంగం వచ్చాక ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు. 21 ఏళ్లు నిండిన అందరికీ ఓటు ఇచ్చారు. 1989 నుంచి అది 18 ఏళ్లు అయ్యింది.

1951-52లో మొదటి ఎన్నికలకు జాబితా రాయడానికి మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఎక్కువగా ఒక చిక్కు వచ్చింది. చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వాడి భార్యని, ఫలానా వాడి తల్లిని అని రాయించారు. పేరు చెప్తేనే ఓటు అని ఎన్నికల సంఘం అంది. పేరు లేని ఆడవాళ్లను జాబితా నుంచి తీసేశారు. అలా సుమారు 28 లక్షల మంది ఓటు పోయింది. తర్వాతి ఎన్నికల నాటికి చాలామంది పేరు చెప్పి చేరారు.

ఎన్నికలు వచ్చే ముందే జాబితాలో మీ పేరు చూసుకోండి. ప్రతి పోలింగు కేంద్రానికీ ఒక బూతు లెవెల్ అధికారి ఉంటారు. జాబితా ఆయన దగ్గరో, ఆమె దగ్గరో ఉంటుంది. పేరు లేకపోతే ఫారం 6 నింపి ఇవ్వాలి. పేరు తప్పుగా పడినా, ఇల్లు మారినా ఫారం 8 ఇవ్వాలి. పెళ్లయి అత్తారింటికి వచ్చిన ఆడపిల్ల పేరు పుట్టింటి ఊళ్లోనే ఉండిపోతుంది. దాన్ని మార్పించుకోవడానికీ ఫారం 8 చాలు. ఫారం నింపేటప్పుడు మొదటి గడిలో రాయాల్సింది మీ పేరే. తండ్రిదో, భర్తదో పేరు రాయడానికి దాని తర్వాత వేరే గడి ఉంటుంది.